అద్దం నీళ్ళు

పాత క్యానరీ, బ్రిటిష్ కొలంబియా తీరం
మే రెండో వారం

దుర్గా,

కవరు మీద స్టాంపు చూసి ముందు కంగారు పడి ఉంటావు, తర్వాత నవ్వి ఉంటావు. ఏం చేయమంటావు, ఇక్కడ సిగ్నల్ లేదు. ఆఫీసులో ఒక శాటిలైట్ ఫోను ఉంది గానీ పనికి తప్ప ముట్టుకోనివ్వరు. ప్రతి శుక్రవారం సరుకుల పడవతో పాటు టపా వస్తుంది. మనం అమ్మమ్మల కాలానికి వెళ్ళిపోయామనుకో.

సర్రీ వదిలేశాను. నువ్వు ఎడ్మంటన్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాక ఆ బేస్‌మెంట్‌లో నీ మంచం చోట ఇద్దరిని దింపారు. మొత్తం తొమ్మిదిమంది ఆడపిల్లలం, ఒక బాత్రూం. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే మలుపు దాటి క్యూ, అందులో సగం మన భాషే వినిపించేది. కాలేజీ అయిపోయింది, వర్క్ పర్మిట్ గడువు గడియారంలా తిరుగుతోంది, చేతిలో పని లేదు. అప్పుడు చర్చిలో యెహెజ్కేలు అంకుల్ ఒక మాట చెప్పారు. తను అకౌంట్లు రాసిపెట్టే ఒక పెద్దాయన విమానం కడుతున్నారట, రెక్కలకి బట్ట కుట్టే చేతులు కావాలట. మా అమ్మ నర్సాపురంలో లేసు అల్లుతుందని ఆయనకి తెలుసు.

ఇది మామూలు విమానం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నీటి విమానాన్ని పాత బొమ్మలు చూసి మళ్ళీ కడుతున్నారు. ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు, కర్ర ఎముకలు, పైన నార బట్ట. చక్రాలు ఉండవు, వాటి చోట పడవల్లాంటి రెండు ఫ్లోట్లు. అప్పట్లో వీటిలో సముద్రం మీద కాపలా తిరుగుతూ జలాంతర్గాముల కోసం వెతికేవాళ్ళట. శత్రువు ఓడ కనబడితే నీళ్ళకి ఆనుకున్నంత కిందికి దిగి, కడుపు కింద వేలాడే టార్పెడోని వదిలేవాళ్ళు. రేడియో కూడా లేదు, నీళ్ళలో దిగిపోతే కబురు పంపడానికి పావురాలు తీసుకెళ్ళేవాళ్ళట. మా సార్ పావురాలు కూడా కొనబోతే వాళ్ళావిడ ఒప్పుకోలేదు.

సార్ పేరు వెంకటసుబ్బయ్య గారు. సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసి వాంకూవర్ వచ్చి స్థిరపడ్డారు. ఆయన ముత్తాత కోరంగి రేవు నుంచి ఓడ కలాసీగా వెళ్ళి, ఆ యుద్ధంలో ఇలాంటి విమానాలని ఓడ మీద నుంచి నీళ్ళలోకి దించే పని చేశాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. అందుకే విమానానికి ఇంకా తోక కూడా రాకముందే 'కోరంగి' అని పేరు పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఒకప్పుడు చేపల్ని డబ్బాల్లో నింపిన ఈ పాత క్యానరీ షెడ్డులో పొద్దున్నించి సాయంత్రం దాకా రెక్క ఎముకలకి బట్టని కుడతాను. పక్కనే నీళ్ళు, నీళ్ళలో కొండలు తలకిందులుగా. ఇంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. వెంటనే రాయి.

నీ
షెర్లీ


ఎడ్మంటన్
జూన్ మొదట్లో

షెర్లీ పిల్లా,

నీ ఉత్తరం మా ఇంటావిడ చూసి, కోర్టు నోటీసేమో అనుకుని రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. 

ఇక్కడ అడవులు తగలబడుతున్నాయి. ఊరికి దూరమే గానీ పొగ మా కిటికీ దాకా వచ్చింది. సూర్యుడు కుంకుమ బొట్టులా ఉన్నాడు, కళ్ళార్పకుండా చూడొచ్చు. ఏదో జరగబోయే ముందు ఇలా ఉంటుందని మా నాన్న అనేవారు. నేను మాస్కు పెట్టుకుని లైబ్రరీకి పోతున్నాను, సాయంత్రాలు ఒక స్వీట్ షాపులో జిలేబీలు తూకం వేస్తున్నాను. కొవ్వూరు సిద్ధాంతి గారి అమ్మాయి బతుకు ఇలా ఉంది.

నువ్వు కుట్టే బట్ట మీద మనుషులు ఎగరడం ఏమిటే? మన బేస్‌మెంట్‌లో కర్టెన్ కుడితే వారానికే ఊడిపడింది, గుర్తుందా. పోనీలే, గుడ్డి కన్నా మెల్ల నయం. పని దొరికింది, మనిషి మంచివాడిలా ఉన్నాడు. కానీ ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. యుద్ధంలో ఓడల్ని ముంచడానికి కట్టిన దాన్ని ఇప్పుడు కట్టి ఏం చేస్తారు? మ్యూజియంలో పెడతారా, లేక ఎగరేస్తారా? ఎగరేస్తే ఎవరు ఎక్కుతారు?

దుర్గ


పాత క్యానరీ
జూలై మొదట్లో

దుర్గా,

సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెబుతాను. ఎగరేస్తారు. ఎక్కేది నేను.

ముందే తిట్టకు. ఇందులో రెండు సీట్లు. ముందు పైలట్, వెనక పరిశీలకుడు. ఆ రోజుల్లో టార్పెడో తగిలిస్తే ఇంజను బరువు మోయలేక వెనక మనిషిని ఒడ్డునే దింపేసి వెళ్ళేవారట. సార్‌కి మాత్రం రెండు సీట్లూ నిండాలి, టార్పెడో వదలాలి, అంతా సినిమాగా కెమెరాలో పడాలి. టార్పెడో ఉత్తుత్తిదే, మందు లేదు, కానీ బరువు నిజం. కాబట్టి ఉన్నవాళ్ళలో అందరికన్నా తేలికైన మనిషి కావాలి. సర్రీలో మనం తిన్న తిండికి ఆ మనిషి నేనే కదా.

నాకూ సరదాగానే ఉంది. నేను కుట్టిన రెక్కల మీద నేను ఎగరడం, ఇంతకన్నా ఏం కావాలి. సార్ మొన్న పిలిచి, సినిమా అయ్యాక నన్ను తన కొత్త కంపెనీలో పర్మనెంట్‌గా తీసుకుని, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి సపోర్ట్ చేస్తానన్నారు. ఆ మాట విన్న రోజు అన్నం సయించలేదు, అంత సంతోషం.

పైలట్ డగ్లస్ అనే ముసలాయన. నలభై ఏళ్ళుగా ఈ తీరంలో నీటి విమానాలే నడిపాడు. టార్పెడో లేకుండా ఇప్పటికే నాలుగుసార్లు ఎగిరాడు, అన్నీ మధ్యాహ్నాలే. పన్నెండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది, నీళ్ళ మీద చిన్న చిన్న అలలు లేస్తాయి, అప్పుడు లేస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు సర్రీలో అందరి వీసాలకీ, ఇంటర్వ్యూలకీ ముహూర్తాలు పెట్టేదానివని నోరుజారి సార్ దగ్గర అన్నాను. సిద్ధాంతి గారి అమ్మాయా అని ఆయన కుర్చీలోంచి లేచారు. టార్పెడోతో ఎగిరే రోజుకి నువ్వే ముహూర్తం పెట్టాలట. ఆగస్టులో కావాలి, ఆయనది పుష్యమీ నక్షత్రం. అడగమన్నారు, అడిగాను. మా అమ్మకి తెలిస్తే పాస్టర్ గారితో ఉపవాస ప్రార్థన పెట్టిస్తుంది.

షెర్లీ


ఎడ్మంటన్
జూలై రెండో వారం

షెర్లీ,

నువ్వు ఎక్కుతానన్న దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. షాపుకి వెళ్ళొచ్చి మళ్ళీ చదివాను. నలభై ఏళ్ళ పైలట్ ఉన్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ముహూర్తం పెట్టాను. సర్రీలో పెట్టినట్టు ఫోనులో చూసి చెప్పింది కాదు. మా నాన్న నేర్పినట్టు, మీ తీరానికి సూర్యోదయం కట్టి, కాగితం మీద వేశాను. శ్రావణ శుద్ధ పంచమి, ఆదివారం, హస్తా నక్షత్రం. ఆదివారం హస్త కలిస్తే అమృతసిద్ధి యోగం అంటారు. పుష్యమి వాళ్ళకి హస్త సాధన తార, అనుకున్నది నెరవేరుస్తుంది. సింహ లగ్నం, పొద్దున్న ఏడున్నరకి. ఆ తర్వాత వర్జ్యం పడుతుంది, సాయంత్రం రాహుకాలం. కాబట్టి ఆ రోజు మంచిదంతా పొద్దున్నే ఉంది.

నేను నమ్ముతానా అంటే ఏం చెప్పను. నమ్మనని మా నాన్నతో వాదించేదాన్ని, కానీ లెక్క కుదిరినప్పుడు ఒక ఆనందం ఉంటుంది. ఆయన పోయాక మొదటిసారి ఆ ఆనందం కలిగింది. ఇంత చక్కని లగ్నం నా చేత్తో పడడం ఆయన చూస్తే బాగుండేది.

దుర్గ


పాత క్యానరీ
జూలై చివర

దుర్గా,

నీ ముహూర్తం కాగితం సార్ కళ్ళకద్దుకున్నారు. గోడకి అంటించారు. డగ్లస్ వచ్చి అదేమిటని అడిగితే నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఏడున్నర అనగానే అతను టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాడు.

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ నాలుగు రోజులుగా దాచుకోలేకపోతున్నాను.

ఇక్కడ పొద్దున్నపూట గాలి ఉండదు. నీళ్ళు అద్దంలా నిలబడతాయి. చూడ్డానికి ఎంత బాగుంటుందో ముందే రాశాను కదా. డగ్లస్ దానికే భయపడతాడట. అలలు ఉంటే కంటికి ఆనవాలు దొరుకుతుంది, నీళ్ళు ఎంత కింద ఉన్నాయో తెలుస్తుంది. అద్దం నీళ్ళ మీద ఆకాశమే కనబడుతుంది గానీ నీళ్ళు కనబడవు. నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి చూపించి అన్నాడు, "నీళ్ళు ఇంకా ముప్ఫై అడుగుల కింద ఉన్నాయని నువ్వు అనుకుంటూ ఉంటావు, అప్పటికే నువ్వు నీళ్ళలో ఉంటావు." కొండల మధ్య ఈ సముద్రపు పాయలోనే అతని స్నేహితులు ఇద్దరు అలా పోయారట, ఇద్దరూ మంచి పైలట్లే.

మామూలుగా అయితే ఒడ్డు పక్కనే దిగుతూ, చెట్లని చూసుకుంటూ అంచనా వేస్తారు. టార్పెడో వదలాలంటే పాయ నడిమధ్యకి పోవాలి, చాలా కిందికి దిగాలి. చూసుకోవడానికి అక్కడ చెట్టూ ఉండదు, గట్టూ ఉండదు. పైగా మీ వైపు పొగ ఇప్పుడు మా దగ్గరికీ వచ్చేసింది. పొద్దున్న లేస్తే ఆకాశం, నీళ్ళు రెండూ ఒకే బూడిదరంగు, మధ్యలో గీత కూడా లేదు.

డగ్లస్ సార్‌తో మాట్లాడాడు. మధ్యాహ్నం గాలి వచ్చేదాకా ఆగమన్నాడు. సార్ నెమ్మదిగానే విన్నారు, ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. సముద్రం ఊగుతుంటే వద్దంటే అర్థం చేసుకుంటాను గానీ, ఇంత ప్రశాంతంగా ఉన్న నీళ్ళని చూసి భయమేమిటన్నారు. ముహూర్తం దాటితే తన ముత్తాత పేరు పెట్టిన విమానానికి అరిష్టమన్నారు.

మరి నువ్వెందుకు ఒప్పుకుంటున్నావని డగ్లస్‌ని అడిగాను. తను కాదంటే ఇంకొకడిని తెస్తారు, వాడికి ఈ నీళ్ళు తెలియవు అన్నాడు. వెనక సీట్లో నేనుంటానని అతనికి తెలుసు.

నేను దిగిపోనా అని అడుగుతావు. దిగి ఎక్కడికి వెళ్ళను? పర్మిట్ చలికాలం దాకానే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుడు చూసుకుంటాడని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను.

షెర్లీ


ఎడ్మంటన్
ఆగస్టు మొదటి వారం

షెర్లీ,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివాను. ఆ ఏడున్నర నేను పెట్టింది. లగ్నం చూశాను, తార చూశాను, వర్జ్యం చూశాను, నీళ్ళు చూడలేదు. మా నాన్న పడవ ప్రయాణానికి ముహూర్తం పెట్టేముందు గోదావరి రేవు దాకా నడిచివెళ్ళి సరంగుని అడిగేవారు. ఆ ఒక్కటీ నేను నేర్చుకోలేదు.

నువ్వు ఆ విమానం ఎక్కడానికి వీల్లేదు. పీఆర్ రాకపోతే నర్సాపురం వెళ్ళి లేసు అల్లుకుంటావు, బతికి ఉంటావు.

యెహెజ్కేలు అంకుల్ దగ్గర నంబరు తీసుకుని, మీ ఆఫీసు ఫోనుకి చేసి మీ సార్‌తో మాట్లాడాను. లెక్క తప్పింది, మధ్యాహ్నానికి మారుస్తానన్నాను. ఆయన నవ్వారు. "అమ్మాయ్, ఆ కాగితం హైదరాబాదులో మా సిద్ధాంతి గారికి పంపించా. ఇంతకన్నా మంచి ఘడియ ఈ ఏడు లేదన్నారు. నీకు అనుమానం వచ్చిందంటే అది నీ వయసమ్మా. మీ నాన్నగారి పేరు నిలబెట్టావు" అన్నారు.

అడిగితే వినని మనిషికి ఆయన నమ్మే మాటే చెప్పాలి. అందుకని ఆయనకి వేరే ఉత్తరం రాసి ఇదే టపాలో వేశాను. నీది పునర్వసు నక్షత్రం అని రాశాను. పునర్వసుకి హస్త ఏడోది, నైధన తార. నైధనం అంటే చావు. ఆ నక్షత్రపు పిల్లని ఆ ఘడియలో ప్రయాణం పెట్టించకూడదు, పెట్టిస్తే విమానానికే కీడని రాశాను. ఆయన నిన్ను ఎక్కనివ్వరు. వద్దన్నది నువ్వు కాదు కాబట్టి ఉద్యోగమూ పోదు.

నీ నక్షత్రం నాకు తెలియదని నీకు తెలుసు. మీ అమ్మకి నువ్వు పుట్టిన రోజు తెలుసు గానీ ఘడియ తెలియదని నువ్వే చెప్పావు. సార్ అడిగితే మాత్రం మా అమ్మ చెప్పిందను. దీనికి దేవుడు కోప్పడితే నా మీద పడమను.

దుర్గ


పాత క్యానరీ
ఆగస్టు రెండో శుక్రవారం, పడవ కదిలేలోగా

దుర్గా,

నువ్వెవరివే నాకు నక్షత్రం పెట్టడానికి? ఒక్క మాట నన్ను అడిగావా?

ఇలా మొదలుపెట్టి నాలుగు కాగితాలు రాసి చింపేశాను. కోపం నిజమే. అందరిముందు సార్ నన్ను పిలిచి, తలమీద చెయ్యి వేసి, "నీకు గండం ఉందటమ్మా, నువ్వు ఒడ్డునే ఉండు" అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. భయం తీరిందని వచ్చిందో, నేను కుట్టిన రెక్కల మీద నేను ఎగరనని వచ్చిందో నాకే తెలియలేదు. నా నక్షత్రమేదని మళ్ళీ అడిగారు. పునర్వసు అన్నాను. ఆ మాట చెప్పిన రాత్రి ప్రార్థన చేసుకోవడానికి మోకాళ్ళ మీద కూర్చుని లేచిపోయాను.

కానీ దీని కోసం రాయడం లేదు. నువ్వు ఊహించనిది జరిగింది.

నా సీట్లో ఎవరు కూర్చోవాలని చర్చ వచ్చింది. డగ్లస్ ఖాళీగా వెళ్దామన్నాడు. సార్ నీ కాగితం గోడ మీద నుంచి తీసి చదివి వినిపించారు. పుష్యమికి సాధన తార. ఇదంతా తన కోసమే కుదిరిందని, ముత్తాత దించిన విమానంలో తనే కూర్చోవాలని సిద్ధాంతి గారి అమ్మాయి చెప్పకనే చెప్పిందని అన్నారు. ఆయన నాకు రెట్టింపు బరువుంటారు. డగ్లస్ పెట్రోలు తగ్గించి లెక్కలు వేసుకుంటున్నాడు.

నాకు పడవ ఇచ్చారు. ఆ రోజు నీళ్ళ మీద మోటారు పడవ నడిపి అలలు లేపాలి, అవి చూసుకుని డగ్లస్ ఎత్తు అంచనా వేసుకుంటాడు.

నిన్న వాళ్ళావిడ ఝాన్సీలక్ష్మి ఆంటీ కొబ్బరికాయలు, పసుపు తీసుకుని వచ్చారు. నా గండం తప్పినందుకు దిష్టి తీశారు. నా పళ్ళెంలో రెండో గరిటె పప్పు వేసి, బాగా తినమ్మా అన్నారు. దుర్గా, నేను ఆ పప్పు పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

ఇప్పుడు చెప్పు. ఆ నక్షత్రం అబద్ధమని నేను ఒప్పుకుంటే సార్ దిగిపోతారు, నేను ఎక్కుతాను. నేను తేలిక. విమానానికి కాస్త నయం, ఆయన బతుకుతారు. నోరు మూసుకుంటే ఆయన ఎక్కుతారు. నీ జవాబు వచ్చే శుక్రవారం వస్తుంది, ముహూర్తానికి రెండు రోజుల ముందు. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

షెర్లీ


ఎడ్మంటన్
ఆగస్టు మూడో వారం

షెర్లీ,

చెప్పకు.

ఇంతకన్నా రాయకూడదనుకున్నాను, కానీ నువ్వు ఒక్కదానివే దీన్ని మోయకూడదు. ఆయనకీ ఏదో దోషం కనిపెట్టి రాద్దామని కూర్చున్నాను. కానీ ఆయన జాతకం హైదరాబాదులో ఉంది, ఆ సిద్ధాంతి ఒక్క చూపులో పట్టేస్తాడు. నా ఒక అబద్ధం దొరికితే రెండోదీ దొరుకుతుంది, నువ్వు మళ్ళీ ఆ సీట్లో ఉంటావు. అందుకని రాయలేదు.

ఫోను మాత్రం చేశాను. జాతకాల మాట వదిలేసి, నీళ్ళ గురించే చెప్పాను. డగ్లస్ మాట వినండి అంకుల్ అన్నాను. ఆయన ఓపికగా విని, నీళ్ళు నిలకడగా ఉంటే భయమెందుకమ్మా అన్నారు. ఆయన అరవై ఏళ్ళ మనిషి, ఇద్దరు వద్దని చెప్పినా తనంతట తను ఎక్కుతున్నారు. నువ్వు ఇరవై నాలుగేళ్ళ పిల్లవి, ఉద్యోగం కోసం ఎక్కుతున్నావు. ఆ తేడా చూసుకుని నిన్ను ఎంచుకున్నాను. తప్పో ఒప్పో నాది.

ఇక్కడ పొగ ఇంకా దిగలేదు. మీ దగ్గర గాలి రావాలని కోరుకుంటున్నాను. పొద్దున్నే గాలి రావాలని దేవుణ్ణి అడుగు, నీ మాట వింటాడేమో.

దుర్గ


పాత క్యానరీ
ఆగస్టు చివరి వారం

దుర్గా,

వార్తల్లో చూసి ఉంటావు. నేను బాగున్నాను. డగ్లస్‌కి పక్కటెముకలు విరిగాయి, బతికాడు. వెంకటసుబ్బయ్య గారు పోయారు.

గాలి రాలేదు. ఆ పొద్దున్న చెట్టు మీద ఆకు కదల్లేదు. పొగలో కొండలు కూడా కనబడలేదు. ఆంటీ కొబ్బరికాయ కొట్టారు, ఫ్లోట్లకి పసుపు రాశారు. సార్ పాత కాలపు తోలు టోపీ పెట్టుకుని, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ ఎక్కారు. నా వైపు తిరిగి, రెక్కలు బాగా కుట్టావమ్మా అన్నారు.

ఏడున్నరకి ఇంజను మోగింది. అద్దం నీళ్ళు ఫ్లోట్లని పట్టుకుని వదల్లేదు. నేను ముందు పడవ నడిపి అలలు చేస్తే, చాలాసేపు లాక్కుని లాక్కుని లేచింది. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ ఒక్క నిమిషం నువ్వూ నేనూ వట్టినే భయపడ్డామనుకున్నాను.

నేను పాయ మధ్యలోకి వెళ్ళి మళ్ళీ అలలు లేపాను. విమానం చుట్టు తిరిగి రావడానికి మేం అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టింది, బరువు కదా. అది వచ్చేసరికి నా అలలు చల్లారిపోయాయి. మళ్ళీ లేపుదామని పడవ తిప్పాను, దాని ఇంజను అందుకోలేదు. విమానం కిందికి దిగుతూ వచ్చింది. ఇంకా దిగాలన్నట్టు దిగింది. మెట్లు దిగేవాడు చివరి మెట్టు ఇంకా ఉందనుకుని అడుగు వేస్తాడు చూడు, అలాగే నీళ్ళలోకి నడిచింది. టార్పెడో వదలనే లేదు. తిరగబడింది. నేను కుట్టిన రెక్కలు తేలాయి, వెనక సీటు కిందికి పోయింది.

నేను పడవలో వెళ్ళి డగ్లస్‌ని పట్టుకున్నాను. సార్ చెయ్యి దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. డైవర్లు వచ్చి తీశారు.

పోలీసులు వచ్చారు, విమాన ప్రమాదాల వాళ్ళు వచ్చారు. వాతావరణం అడిగారు, బరువు అడిగారు. నక్షత్రాల సంగతి ఎవరూ అడగలేదు.

నిన్న ఝాన్సీలక్ష్మి ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. కర్మకాండకి తిథి చెప్పించాలట, ముహూర్తం పెట్టిన ఆ అమ్మాయి చేతే చెప్పించు అన్నారు. హైదరాబాదు సిద్ధాంతి మాట ఎత్తితే వద్దన్నారు. ఆ ఘడియలో ఆ విమానంలో చావు ఉందని చూసింది నువ్వొక్కదానివేనట. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒకటి అడిగారు. ఆంటీ ఏడవలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"నీ గండం కనిపెట్టిన పిల్ల, మా ఆయనది ఎందుకు కనిపెట్టలేదమ్మా? అడిగి చెప్పవూ?"

ఉత్తరం రాసి అడుగుతానన్నాను. ఏం చెప్పను దుర్గా?

షెర్లీ


ఎడ్మంటన్
సెప్టెంబరు మొదట్లో

షెర్లీ,

శ్రావణ శుద్ధ పంచమి. ఏటా ఆ తిథికే ఆబ్దికం పెట్టాలని ఆంటీకి చెప్పు. మూడుసార్లు చూసుకున్నాను, తప్పు లేదు.

రెండోదానికి నువ్వు ఏమీ చెప్పకు. నువ్వు చెప్పవలసింది కాదు. రేపు బస్సు ఎక్కుతున్నాను, ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను వాంకూవర్‌లో వాళ్ళింట్లో ఉంటాను. ఆవిడ కాఫీ ఇస్తానంటే తీసుకోను. ఎదురుగా కూర్చుని చెబుతాను, నాకు ఏ చావూ కనబడలేదు ఆంటీ, నాకు నా షెర్లీ ఒక్కతే కనబడింది, దాన్ని ఆ సీట్లోంచి లేపడానికి అబద్ధమాడాను, ఖాళీ అయిన ఆ సీట్లో మీ ఆయన కూర్చుంటున్నారని తెలిసి కూడా ఊరుకున్నాను అని. ఆ తర్వాత ఆవిడ ఏమంటే అది వింటాను.

దుర్గ